ఓనర్‌కు, కిరాయిదారుకు మధ్య లొల్లి: ఏడ చెడుతది, ఎట్ల సరిచేయాలె

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు దిక్కు ఇప్పుడు చానా ఇండ్లకు ఓనర్లు హైదరాబాద్‌లనో అమెరికాలనో ఉంటున్నరు, ఇల్లు చూసుకునేది ఇంకొకరు. ఆ చూసుకునేటోళ్ల కోసమే ఇది.

సమస్య: రిపేర్ చెప్పి వారాలైనా పని కాదు

మన దిక్కు చానా బోర్ల నీళ్లు ఉప్పగ ఉంటయి, గీజర్ల, నల్లాల తెల్లగ పొర కట్టి జామ్ అయితయి. కిరాయిదారు "గీజర్ పనిచేస్తలేదన్నా" అంటడు, మీరు ఓనర్‌కు ఫోన్ చేస్తరు, ఆయన "వాళ్లే ఖరాబు చేసిన్రు" అంటడు, ఆ మాట అట్లనే మోసుకొచ్చి కిరాయిదారుకు చెప్పిన్రంటే ఇగ అయిపాయె, గీజర్ పక్కకు పోయి ఇద్దరి మధ్య పంతం మొదలైతది.

కారణం: ఎంత ఖర్చు వరకు మీరే చేయించొచ్చో ముందుగాల మాట్లాడుకోకపోవుడు. అన్నిటికంటె ఎక్కువ చెడేది ఇక్కడనే.

పరిష్కారం: ఇల్లు చేతికి తీసుకునే నాడే ఓనర్‌తోని ఒక లిమిట్ రాయించుకోండి, రెండు వేలనో మూడు వేలనో, అంతలోపు అడగకుండ చేయించి బిల్లు, ఫోటో పంపాలె. అంతకు మించితే ఇద్దరు మెకానిక్‌ల దగ్గర రేటు కనుక్కొని, ఏం పోయింది ఎందుకు పోయింది అనేది వాట్సాప్‌ల రాసి పెట్టండి, కాల్‌ల చెప్పింది ఎవ్వరికీ గుర్తుండదు. కోపంల అన్న మాటలు అటు ఇటు చేరేయొద్దు, విషయం ఒక్కటే చేరేయాలె. ఓనర్ అయినా కదలకపోతే 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ సంగతి నిమ్మళంగ చెప్పండి: ఓనర్ చేయాల్సిన రిపేర్ చెప్పినా చేయకపోతే, అగ్రిమెంట్‌ల వేరేగ లేకుంటే, కిరాయిదారు చేయించుకొని కిరాయిల పట్టుకోవచ్చు.

సమస్య: కరెంట్ కట్ చేసిన్రు, బిల్లు సంగతే తెల్వదు

మెసేజ్ ఓనర్ ఫోన్‌కు పోతది, ఉండేది ఇంకొకరు. సర్వీస్ నంబర్ కిరాయిదారుకు ఇయ్యండి, ఫోన్‌లనే చూసుకొని కట్టుకుంటరు.

సమస్య: ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ కాడ పంచాయితీ

గోడ మీద ఆ మరక ముందు నుంచి ఉందా లేదా అనేదానికి సాక్ష్యం ఉండదు. కిరాయిదారు ఇంట్లకు దిగే రోజే ఇల్లంత వీడియో తీసి, మీటర్ రీడింగ్‌తో సహా ఇద్దరికీ పంపాలె, రంగుల పైసలు పట్టుకునేదుంటే ఎంతో అగ్రిమెంట్‌లనే రాయాలె.

సమస్య: ఓనర్ "నెలాఖరుకు ఖాళీ చేయుమను" అంటడు

నెలవారీ కిరాయికి, వేరే ఒప్పందం లేకుంటే, అదే చట్టం 106వ సెక్షన్ కింద కాయితం మీద 15 రోజుల నోటీస్ ఉండాలె, ఫోన్ మాట చాలదు. కానీ పిల్లల పరీక్షలు నెత్తి మీద ఉన్న ఇంటికి 15 రోజులు ఏం సరిపోతయి? ముందు కిరాయిదారుకు ఎన్ని రోజులు కావాల్నో అడిగి, ఓనర్‌ను ఒప్పిచ్చి, ఆ తారీఖు రాసి ఇద్దరితోని సంతకం పెట్టియ్యండి.