పార్టీకి జెల్లీ షాట్స్: కొలత నుంచి వడ్డన దాకా

జెల్లీ షాట్స్ చేయడం కష్టమేమీ కాదు. నీళ్ళు మరిగించడం, పౌడర్ కలపడం, మందు పోయడం, ఫ్రిజ్‌లో పెట్టడం, అంతే. కానీ చాలా పార్టీల్లో ఇవి రెండు రకాలుగా చెడిపోతుంటాయి. ఒకటి, సరిగ్గా సెట్ అవ్వక కప్పులో జారుడుగా మిగిలిపోతాయి. రెండోది, బాగా సెట్ అవుతాయి, రుచి కూడా అదిరిపోతుంది, కానీ ఒక్కో దాంట్లో ఎంత మందు ఉందో చేసినవాళ్ళకే తెలియదు, తిన్నవాళ్ళకు అసలే తెలియదు. గ్లాసులో తాగేటప్పుడు మనిషికి ఎంతో కొంత అంచనా ఉంటుంది, ఘాటు గొంతుకు తగులుతుంది. జెల్లీలో తీపి, చల్లదనం, పండు వాసన కలిసి ఆ ఘాటును మింగేస్తాయి. అందుకే లెక్క పెట్టే పని తినేవాళ్ళ మీద వదలకూడదు, చేసేవాళ్ళే పెట్టాలి. నా ఉద్దేశంలో జెల్లీ షాట్స్ బాగా చేయడం అంటే ముందుగా అదే.

ఈ హెచ్చరిక కొత్తదేమీ కాదు. 1862లో అమెరికన్ బార్‌టెండర్ జెర్రీ థామస్ తన పానీయాల పుస్తకంలో జెలటిన్‌తో, అంటే జెల్లీని గట్టిపరిచే పదార్థంతో చేసే పంచ్ జెల్లీ గురించి రాస్తూ, మందు బలం జెల్లీలో కనబడకుండా దాక్కుంటుంది కాబట్టి మితంగా తినమని అప్పుడే చెప్పాడు.

ఇక కొలతలు. రుచి, రంగు కలిపి వచ్చే 85 గ్రాముల జెల్లీ పౌడర్ ప్యాకెట్ ఒకటి తీసుకోండి. మరిగే నీళ్ళు 240 మి.లీ., చల్లటి నీళ్ళు 90 మి.లీ., 40 శాతం బలమున్న వోడ్కా 120 మి.లీ. మొత్తం 450 మి.లీ. అవుతుంది, అంటే 30 మి.లీ. చిన్న కప్పులు 15 దాకా వస్తాయి. 120 మి.లీ. అంటే నాలుగు పెగ్గులు, అవి 15 కప్పుల్లోకి వెళ్ళాయి, కాబట్టి దాదాపు నాలుగు షాట్స్ తింటే ఒక 30 మి.లీ. పెగ్గు తాగినట్టు. ఈ లెక్క గుర్తుండిపోతుంది, అడిగినవాళ్ళకు చెప్పడానికీ సులువు. ప్యాకెట్ బరువు మీ దగ్గర వేరేగా ఉంటే కంగారు పడొద్దు, దాని మీద మొత్తం ఎన్ని నీళ్ళు పోయమన్నారో చూసి, అందులో ఓ పావు వంతు మందుగా మార్చండి, మొత్తం మీద కొంచెం తగ్గించి పోయండి, ఎందుకంటే మందు కలిసిన జెల్లీ మామూలు జెల్లీ కంటే మెత్తగా సెట్ అవుతుంది.

మరీ తేలిగ్గా ఉందనుకునేవాళ్ళు చల్లటి నీళ్ళు మొత్తం తీసేసి ఆ స్థానంలో వోడ్కానే పోస్తారు, అంటే 210 మి.లీ. అప్పుడు రెండు షాట్స్ తింటే ఒక పెగ్గు. అది సెట్ అవుతుంది, కాకపోతే మెత్తగా ఉంటుంది, రుచిలో మందు వాసన ముందుకొస్తుంది. అంతకు మించి నేను వెళ్ళను, మీరూ వెళ్ళొద్దు. మందు శాతం పెరిగేకొద్దీ జెలటిన్ పట్టు వదిలేస్తుంది, ఒక దశ దాటాక ఎంతసేపు ఫ్రిజ్‌లో పెట్టినా ద్రవంగానే ఉంటుంది. 40 శాతం కంటే బలమైన మందు, ఎక్కడిదో తెలియని నాటు సరుకు అసలు వాడొద్దు. తెలియని సరుకులో మిథనాల్ ఉంటే చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. జెల్లీ చేసినంత మాత్రాన అది ఎటూ పోదు.

చేసే పద్ధతిలో తొందరపడకూడని చోటు ఒక్కటే, పౌడర్ కరిగించడం. గిన్నెలో పౌడర్ వేసి, కుతకుత మరుగుతున్న నీళ్ళు పోసి, గరిటెతో నెమ్మదిగా రెండు నిమిషాలు పూర్తిగా కలపండి. విస్కర్‌తో గిలకొడితే నురగ వస్తుంది, అది పైన తెల్లటి పొరలా గట్టిపడి షాట్ అందం పాడుచేస్తుంది. కరిగిందో లేదో కంటికి తెలియదు, రంగు ముందే వచ్చేస్తుంది కాబట్టి మోసపోతాం. గరిటె వెనక వైపు వెలుతురులో చూడండి, సన్నటి పలుకులు అంటుకుని ఉంటే ఇంకా కలపాలి. చుక్క చల్లారాక రెండు వేళ్ళ మధ్య రుద్దితే ఇసుకలా తగలకూడదు. ఈ పలుకులు మిగిలిపోతే అడుగున రబ్బరులా ఒక పొర, పైన నీళ్ళలా ఒక పొర తయారవుతుంది, తర్వాత ఏం చేసినా కలవదు.

బాగా కరిగాక చల్లటి నీళ్ళు పోయండి, గిన్నె చెయ్యి పట్టుకోగలిగేంత వేడికి వచ్చాక మందు పోయండి. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, కాబట్టి పొగలు కక్కే ద్రవంలో పోస్తే కొంత మందు ఆవిరైపోతుంది, ఆ ఘాటు ముక్కుకు కొడుతుంది, పైగా మీరు వేసిన లెక్క తప్పుతుంది. స్టవ్ మీద గిన్నె ఉండగా మాత్రం ఎప్పుడూ పోయొద్దు, మంట అంటుకునే ప్రమాదం ఉంది.

కప్పులను ముందే ట్రేలో పేర్చి, ట్రేను ఫ్రిజ్ దగ్గర పెట్టుకుని, మూతి ఉన్న జగ్గులోంచి పోయండి. నిండా పోసిన కప్పులను ఒక్కొక్కటే మోసుకెళ్తే ఒలికిపోతాయి. అంచుకు కాస్త కింద దాకా పోస్తే మూత కూడా పడుతుంది. కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉండాలి, ముందు రోజు రాత్రే చేసి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. త్వరగా అవుతుందని ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు. గడ్డకట్టిన నీరు లోపలి జెల్లీ అల్లికను చీల్చేస్తుంది, బయటికి తీశాక నీళ్ళు ఊరి ముక్కలు ముక్కలవుతుంది.

రుచి లేని తెల్ల జెలటిన్‌తో చేస్తే ఇంకా మంచి షాట్స్ వస్తాయి. నా ఓటు దీనికే, ఎందుకంటే ప్యాకెట్ జెల్లీ ఏది తిన్నా మిఠాయి రుచే వస్తుంది, ఇందులో మాత్రం మీకు నచ్చిన పండ్ల రసం రుచి అసలుగా తెలుస్తుంది. 450 మి.లీ. ద్రవానికి 14 గ్రాముల పౌడర్, అంటే 7 గ్రాముల ప్యాకెట్లు రెండు. ముందుగా 150 మి.లీ. చల్లటి రసం వెడల్పాటి గిన్నెలో పోసి, దాని మీద పౌడర్‌ను పలచగా చల్లి ఐదు నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఒకే చోట కుప్పగా పోస్తే పైది నాని లోపలిది పొడిగా ఉండిపోతుంది. బాగా నానినప్పుడు ఉపరితలం ముడతలు పడి, మసకగా, ఉబ్బినట్టు కనిపిస్తుంది. అప్పుడు 180 మి.లీ. వేడి రసం, చక్కెర వేసి కరిగించి, చివర 120 మి.లీ. మందు. కరిగాక దీన్ని మరిగించొద్దు, ఎక్కువసేపు మరిగితే జెలటిన్ బలం తగ్గుతుంది. తీపి చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, చల్లబడ్డాక తీపి తక్కువగా తెలుస్తుంది, కాబట్టి గోరువెచ్చగా ఉన్నప్పుడు నాలుకకు ఒక పిసరు ఎక్కువ అనిపించాలి.

పండ్ల విషయంలో ఒక చిక్కు ఉంది. పచ్చి అనాస, బొప్పాయి, కివి, అంజీర్, జామ, పచ్చి అల్లం, వీటిలో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములు ఉంటాయి. జెలటిన్ కూడా మాంసకృత్తే కదా, దాన్ని ముక్కలు చేసేస్తాయి, ఇక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నా సెట్ అవ్వదు. ఆ రసాన్ని కొన్ని నిమిషాలు మరిగించినా, డబ్బాలో వచ్చే పండు వాడినా సమస్య లేదు, వేడికి ఆ ఎంజైములు పనిచేయడం మానేస్తాయి.

మాంసాహారం తిననివాళ్ళు పార్టీలో ఉంటే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుందని ముందే చెప్పాలి, చెప్పకుండా పెట్టడం అన్యాయం. వాళ్ళ కోసం చైనా గ్రాస్, అంటే అగర్ అగర్‌తో ఒక ట్రే చేయండి. 450 మి.లీ.కి సుమారు 4 గ్రాముల పొడి. ఇది వేడి నీళ్ళలో వేస్తే కరగదు, 330 మి.లీ. రసంలో వేసి మూడు నాలుగు నిమిషాలు మరిగించాలి. బాగా పుల్లటి రసంలో మరిగిస్తే దాని పట్టు తగ్గుతుంది, కాబట్టి నిమ్మరసం లాంటివి దించాక కలపండి. మందు ఫ్రిజ్‌లోంచి తీసినది కాకుండా మామూలు గది వేడిలో ఉన్నది పోయండి. అగర్ 35-40 డిగ్రీల దగ్గరే గట్టిపడటం మొదలుపెడుతుంది, చల్లటి మందు తగిలితే ఉండలు కట్టేస్తుంది. నోట్లో కరగదు, నమలాలి, అది దీని లోపం. కానీ బల్ల మీద గంటల తరబడి ఉన్నా కరిగిపోదు, అది పెద్ద సుగుణం. జెలటిన్ అయితే 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది, నోట్లో అంత హాయిగా జారడానికి కారణం అదే, వేడిగా ఉన్న గదిలో కాసేపటికే రసం కావడానికీ కారణం అదే.

మందుల జోడీ గురించి క్లుప్తంగా చెప్తాను. వోడ్కాకు సొంత రుచి తక్కువ, దేనితోనైనా కలుస్తుంది. వైట్ రమ్ కొబ్బరి పాలు, డబ్బా అనాస రసంతో బాగుంటుంది. టకీలాకు నిమ్మకాయ, పైన చిటికెడు ఉప్పు. విస్కీని ఎర్రటి మిఠాయి రుచి జెల్లీలో వేయొద్దు, రెండూ పాడవుతాయి, తేనె, నిమ్మతో తెల్ల జెలటిన్‌లో చేస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. జిన్‌తో టానిక్ వాటర్ కలిపితే ఒక వింత ఉంది, టానిక్‌లోని క్వినైన్ వల్ల అల్ట్రావయొలెట్ దీపం కింద జెల్లీ నీలంగా వెలుగుతుంది. బిస్లరీ నీళ్ళలా తేటగా కనిపించే కప్పు దీపం వేయగానే మెరవడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

రెండు మూడు రంగుల పొరలు కావాలంటే ఓపిక ఉండాలి. కింది పొర మీద వేలు ఆనిస్తే కాస్త అంటుకోవాలి, కానీ వేలికి ద్రవం రాకూడదు. అప్పుడే పై పొర పోయాలి. పూర్తిగా గట్టిపడ్డాక పోస్తే పొరలు విడిపోతాయి, తొందరపడితే రంగులు కలిసిపోతాయి. పై పొర ద్రవం గోరువెచ్చగా కూడా కాకుండా చల్లారి ఉండాలి, చెంచా వెనక వైపు మీదుగా మెల్లగా జారవిడవాలి. బత్తాయి, నిమ్మ చెక్కల్లో పోసే పద్ధతి నాకు ఇంకా ఇష్టం. కాయను నిలువుగా రెండుగా కోసి, తొక్క చిరగకుండా గుజ్జు మొత్తం తీసేసి, ఒరిగిపోకుండా చిన్న గిన్నెల్లో కూర్చోబెట్టి అంచు దాకా పోయాలి. సెట్ అయ్యాక తడి కత్తితో ముక్కలు కోస్తే నిజమైన తొనల్లా ఉంటాయి. కత్తి పదునుగా లేకపోతే జెల్లీ తొక్కను వదిలేసి జారిపోతుంది.

వడ్డించేటప్పుడు అన్నీ ఒకేసారి బయట పెట్టొద్దు. మంచు ముక్కలు పరిచిన పళ్ళెం మీద కొన్ని పెట్టి, అయిపోయాక మరికొన్ని తేవాలి. కరగకుండా ఉంటాయి, తినే వేగమూ మీ చేతిలో ఉంటుంది. పక్కన ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో మందు ఉంది అని, నాలుగు తింటే ఒక పెగ్గు అని రాసిపెట్టండి. తిన్న వెంటనే ఏమీ తెలియదు, పూర్తిగా ఎక్కడానికి అరగంట నుంచి గంటన్నర పట్టొచ్చు, ఈలోపు ఏమీ ఎక్కలేదే అనుకుని ఇంకో అయిదారు లాగించేస్తారు. భోజనం, మంచినీళ్ళు దగ్గర్లోనే ఉంచండి. బండి నడిపేవాళ్ళు, గర్భిణులు, మత్తు కలిగించే మాత్రలు గానీ మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ లాంటివి గానీ వాడుతున్నవాళ్ళు వీటి జోలికి పోకూడదు. వాళ్ళ కోసం మందు లేని ట్రే ఒకటి వేరే రంగులో, వేరే ఆకారపు కప్పుల్లో చేయండి, చూడగానే తేడా తెలియాలి.

ఇంట్లో పిల్లలుంటే మరింత జాగ్రత్త. వాళ్ళకు ఇవి రంగు మిఠాయిలే, చిన్న ఒంటికి కాస్త మందు కూడా ప్రమాదం, రక్తంలో చక్కెర పడిపోతుంది. ఫ్రిజ్‌లో పై అరలో, మూత ఉన్న డబ్బాలో, పేరు రాసి పెట్టండి. పార్టీ అయ్యాక సగం తిన్న కప్పులు బల్లల కింద, సోఫా పక్కన మిగిలిపోతాయి, పొద్దున్నే పిల్లలు గానీ పెంపుడు కుక్క గానీ లేవక ముందే అవన్నీ ఏరేయాలి.

ఎవరైనా ఎంత లేపినా లేవకపోయినా, శ్వాస బాగా నెమ్మదించినా, ఊపిరికి ఊపిరికి మధ్య పది సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా పడుకోనిద్దాంలే అని వదిలేయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, వాంతి గొంతుకు అడ్డం పడకుండా చూస్తూ, వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. కాఫీ, చన్నీళ్ళ స్నానం దీనికి ఎందుకూ పనికిరావు.

మిగిలిన షాట్స్ మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగైదు రోజులు బాగుంటాయి, పాలు, క్రీమ్ కలిసినవైతే రెండు రోజుల్లో తినేయాలి. సెట్ అవ్వని బ్యాచ్‌ను పారేయక్కర్లేదు. పచ్చి అనాస లాంటివి కారణం కాకపోతే, మరో 7 గ్రాముల జెలటిన్‌ను కొద్ది చల్లటి నీళ్ళలో నానబెట్టి, గిన్నెను వేడి నీళ్ళలో ఉంచి కరిగించి, గది వేడికి తెచ్చిన ఆ ద్రవంలో కలిపి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టండి.