ముందు చక్రం హోరు: మా కారులో బేరింగ్ అని ఎలా తేలిందంటే

2 లక్షల కిలోమీటర్లు దాటిన మా డీజిల్ కారులో 60 స్పీడు దాటితే ముందునుంచి ఒకటే హోరు. రావులపాలెంలో హైవే ఎక్కితే లోపల మాటలు వినపడేవి కావు. టైర్లు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్, గేర్ ఆయిల్ అన్నీ అయ్యాయి, తేడా లేదు.

ఖాళీ రోడ్డు మీద అదే స్పీడులో క్లచ్ తొక్కాను. ఇంజన్ చప్పుడు తగ్గింది, హోరు తగ్గలేదు. స్టీరింగ్ కొంచెం ఎడమకు తిప్పితే పెరిగింది, కుడికి తిప్పితే దాదాపు పోయింది. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది కాబట్టి అనుమానం ఆ చక్రం బేరింగ్ (చక్రం సాఫీగా తిరిగేలా లోపల ఉండే రింగు) మీదికి వెళ్లింది.

వెనక చక్రాలకు అడ్డుపెట్టి, కుడివైపు జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, న్యూట్రల్ చేశాను. చక్రం పట్టుకుని ఊపితే లూజు లేదు. మెకానిక్‌లు ఇంతవరకే చూసి బేరింగ్ బాగుందనేవారు. అసలు పరీక్ష ఇది: ఒక చేయి కాయిల్ స్ప్రింగ్ మీద ఉంచి, రెండో చేత్తో చక్రం తిప్పాలి. స్ప్రింగ్‌లో తిరగలి తిప్పినట్టు గరగర తెలిసింది. ఎడమవైపు నున్నగా ఉంది.

కొత్త బేరింగ్‌ని సుత్తితో కొట్టనివ్వలేదు. ప్రెస్ మీద, బయటి రింగు మీదే ఒత్తిడి పడేలా ఎక్కించారు. యాక్సిల్ నట్ కొత్తది వేసి టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే పానా) బిగించారు. హోరు పోయింది!

గోదావరి వరదల్లో లంక రోడ్ల నీళ్లు బేరింగ్ సీలు దాటి లోపలికి వెళ్లాయేమో, ఖాయంగా చెప్పలేను. అన్ని కార్లకూ ఇదే కారణమనీ అనను. స్టీరింగ్ తిప్పినా హోరు మారకపోతే టైరు అరుగుదల తడిమి చూడండి. పూర్తిగా తిప్పినప్పుడు టకటకమంటే సీవీ జాయింట్ (ఇంజన్ శక్తిని చక్రానికి అందించే జాయింటు) మీది రబ్బరు బూటు చిరిగిందేమో చూడండి.