సిగరెట్ తాగేవాళ్లు చిగుళ్లను ఎలా చూసుకోవాలి

పదిహేనేళ్లు సిగరెట్ తాగాను. బ్రష్ చేసేటప్పుడు ఒక్కరోజూ రక్తం రాలేదు కాబట్టి చిగుళ్లు బాగానే ఉన్నాయనుకున్నాను. నికోటిన్ రక్తనాళాలను కుదించేస్తుందనీ, అందుకే లోపల జబ్బు ముదురుతున్నా రక్తం పెద్దగా కనబడదనీ డాక్టర్ చెప్పేదాకా తెలియదు.

అందుకని రక్తం రావట్లేదని ధైర్యంగా ఉండకండి. మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడి పెదవి పైకెత్తి చూడండి. చిగుళ్లు జారి పళ్లు పొడుగ్గా కనిపిస్తున్నాయా? మధ్యలో కొత్త సందులు వచ్చాయా? నాకైతే కింది ముందుపళ్ల వెనక నాలుకకు గరగరలాడుతూ తగిలేది. అది గట్టిపడిన గార. ఎంత తోమినా పోదు, క్లీనింగ్ చేయించాల్సిందే. అప్పుడే పన్నుకూ చిగురుకూ మధ్య ఉండే సందు లోతు కూడా కొలవమని అడగండి. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే, 4 నుంచి పట్టించుకోవాలి.

మెత్తటి బ్రష్‌తో రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోమండి.

పన్ను పీకించుకుంటే కనీసం 3 రోజులు సిగరెట్ ముట్టుకోవద్దు. గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడిందంటే ఆ నొప్పి భరించలేం.

సిగరెట్ మానేశాక కొన్ని వారాలు చిగుళ్ల నుంచి రక్తం ఎక్కువగా రావచ్చు. నాకూ వచ్చింది, చాలా టెన్షన్ పడ్డాను. చిగుళ్లకు రక్తప్రసరణ మళ్లీ మెరుగవుతోందన్నమాట. అది చూసి మళ్లీ వెలిగించకండి, తోమడమూ ఆపకండి. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.