భయానక, బీభత్స, అద్భుత చిత్రకళ – స్వయంశిక్షణ: 3వ పాఠం
ఒక చిత్రం నుంచి మరో చిత్రకారుడి దగ్గరకు

గత పాఠంలో చిత్రాలను స్థాయీభావాలను (రసానికి మూలమై మనసులో నిలిచే భావాలను) బట్టి వేరు చేయడం అభ్యసించాం. బొమ్మ చూడగానే ముందుగా కలిగింది భయమా, జుగుప్సా, విస్మయమా అన్నది ఎవరికి వారు నోటు పుస్తకంలో రాసుకోవాలని చెప్పాను. ఆ పని మానేసి నేరుగా ఈ పాఠానికి వచ్చినవారు దయచేసి వెనక్కి వెళ్లండి. "వింతగా ఉంది" అన్న మాట దగ్గర ఆగిపోతే ఏ చిత్రకారుణ్ణి వెతకాలో తెలియదు. తనలో కదిలిన భావం ఏదో పోల్చుకున్నవారికే తరువాతి అడుగు ఎటు వేయాలో తెలుస్తుంది.

ఈ పాఠంలో నేర్చుకునేది ఆ తరువాతి అడుగు. నచ్చిన చిత్రకారుడు ఎవరి బొమ్మలు చూసి చలించాడో, అతడి బొమ్మలు చూసి మరెవరు చలించారో వెతుక్కుంటూ పోవడమే ఈ పద్ధతి. విజయవాడలోనో గుంటూరులోనో ఉంటూ బెర్లిన్, న్యూయార్క్ మ్యూజియాల్లోని చిత్రాలను ఎలా అధ్యయనం చేయగలమని కొందరు నిరుత్సాహపడతారు. నేను మొదటి చిత్రాన్ని లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణంలో, ఒక చిరిగిన పుస్తకంలో, అరచేయంత నలుపు తెలుపు ముద్రణలో చూశాను. ఈ పాఠంలో చెప్పబోయే మహామహుల్లో ఇద్దరు నాలాగే ముద్రణలు చూసి చలించిపోయినవారని తరువాత తెలిసింది. అందుచేత ఫోన్ తెర చిన్నదన్న దిగులు అక్కరలేదు.

మన మొదటి చిత్రం "మృతుల ద్వీపం". చిత్రకారుడు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టిన ఆర్నాల్డ్ బోక్లిన్ (1827–1901). ఆయన దీన్ని 1880 నుంచి 1886 వరకు ఐదుసార్లు చిత్రించాడు. వాటిలో ఒకటి రెండో ప్రపంచయుద్ధంలో నాశనమైంది. మిగిలినవి బాసెల్, న్యూయార్క్, బెర్లిన్, లైప్‌జిగ్ నగరాల్లో ఉన్నాయి. ఏదో ఒక రూపాన్ని ఫోన్‌లో తెరిచి, పది నిమిషాల పాటు ఏమీ చదవకుండా చూడండి.

నిశ్చలమైన నీటి నడుమ ఎత్తైన రాతిగోడల ద్వీపం ఉంటుంది. రాతిలో, మన ఉండవల్లి గుహల్లో లాగా, తొలిచిన వాకిళ్లు కనిపిస్తాయి, అవి సమాధులు. మధ్యలో నల్లగా నిలబడిన సైప్రస్ చెట్లు, ద్వీపం వైపు సాగే చిన్న పడవ, అందులో తెల్లటి వస్త్రం కప్పిన శవపేటిక, దాని వెనుక మనకు వీపు చూపిస్తూ నిలుచున్న తెల్లటి ఆకారం. ఇంతే. రక్తం లేదు, పుర్రె లేదు, దెయ్యం లేదు. అయినా చూసేవారి గొంతు తడి ఆరిపోతుంది.

ఎందుకిలా జరుగుతుందో తెలుసుకోవడానికి కృష్ణ మీద ఒక సాయంత్రం గడపండి. భవానీ ద్వీపానికి పడవలో వెళుతున్నప్పుడు చెట్ల మధ్య ఖాళీలు కనిపిస్తాయి, మనుషుల గొంతులు వినిపిస్తాయి, నీరు పడవ అంచుకు తగిలి చప్పుడు చేస్తుంది, ఒడ్డు మనల్ని రమ్మంటున్నట్టు ఉంటుంది. బోక్లిన్ ఇవన్నీ ఒక్కొక్కటిగా తీసేశాడు. అల లేదు, చెట్ల మధ్య చూపు దూరే సందు లేదు, ఆ ఆకారానికి ముఖం లేదు. భయం ఇక్కడ చేర్చినవాటి వల్ల కాక, తొలగించినవాటి వల్ల పుడుతోంది. ఈ ఒక్క విషయం మీ అంతట మీరు గుర్తించగలిగితే ఈ పాఠంలో సగం పూర్తయినట్టే.

ఒక సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. భర్తను పోగొట్టుకున్న మారీ బెర్నా అనే ఆమె ఫ్లోరెన్స్‌లో బోక్లిన్ చిత్రశాలకు వచ్చి, ఇంకా పూర్తికాని ఈ చిత్రాన్ని చూసి, తనకూ ఒకటి కావాలని కోరింది. పడవలోని శవపేటిక, తెల్లటి ఆకారం ఆమె కోరిక మీదే వచ్చి చేరాయి. ఇది తెలిశాక ఆ పడవను మునుపటిలా చూడలేకపోయాను.

ఇక ఎవరెవరు దీన్ని చూశారో వెతుకుదాం. రష్యన్ సంగీతకర్త రహ్మానినోవ్ 1907లో ప్యారిస్‌లో దీని నలుపు తెలుపు ముద్రణ చూసి, 1909లో అదే పేరుతో వాద్యబృంద రచన చేశాడు. స్విస్ చిత్రకారుడు హెచ్. ఆర్. గీగర్ 1977లో బోక్లిన్‌కు నివాళిగా ఈ ద్వీపాన్ని యంత్రాలూ అస్థిపంజరాలూ కలగలిసిన తన శైలిలో మళ్లీ చిత్రించాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే బోక్లిన్ దగ్గర నిశ్శబ్దంగా ఉన్న భయానికి గీగర్ దగ్గర జుగుప్స తోడవడం స్పష్టంగా తెలుస్తుంది.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన దారి ఇటలీ చిత్రకారుడు జార్జియో డి కిరికోది. మ్యూనిక్‌లో చదువుకున్న రోజుల్లో ఆయన బోక్లిన్‌నూ, జర్మన్ చిత్రకారుడు మాక్స్ క్లింగర్‌నూ లోతుగా అధ్యయనం చేశాడు. క్లింగర్ 1881లో ప్రచురించిన పది ఎచింగుల (లోహపు పలకను ఆమ్లంతో చెక్కి తీసే ముద్రణల) వరుసలో, ఎవరో స్త్రీ జారవిడిచిన చేతితొడుగు చుట్టూ కలలు, పీడకలలు అల్లుకుంటాయి. ఇప్పుడు డి కిరికో 1914లో వేసిన "ప్రేమగీతం" చూడండి: గోడకు వేలాడదీసిన పాలరాతి తెల్లని దేవతా శిరస్సు, దాని పక్కన మేకుకు గుచ్చిన ఎర్రటి రబ్బరు చేతితొడుగు, కింద ఆకుపచ్చ బంతి. ఈ చిత్రం ముద్రణ చూసి బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్ కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆయన సర్రియలిస్టుగా (కలల తర్కాన్ని బొమ్మ కట్టే చిత్రకారుడిగా) మారడానికి అది తొలి మెట్టు. ఒక సమాధుల ద్వీపం దగ్గర బయలుదేరి నలుగురు చిత్రకారులను ఈ కొద్దిసేపట్లో కలుసుకున్నాం.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇప్పుడు కంప్యూటర్ తయారుచేసిన బొమ్మలు పెద్ద చిత్రకారుల పేర్లతో తిరుగుతున్నాయి. పోలెండ్ చిత్రకారుడు జ్జిస్లావ్ బెక్షిన్‌స్కీ (1929–2005) తన చిత్రాలకు పేర్లు పెట్టలేదు, అర్థాలు చెప్పడానికీ ఇష్టపడలేదు. కాబట్టి ఆయన పేరుతో వచ్చిన బొమ్మ కింద కవితాత్మకమైన శీర్షిక ఉంటే, ఆ శీర్షికైనా ఇతరులు తగిలించినది అయి ఉండాలి, లేదా బొమ్మే ఆయనది కాకపోవాలి. చిత్రం వేసిన సంవత్సరం, వాడిన మాధ్యమం, కొలతలు, ఇప్పుడున్న చోటు అనే నాలుగు వివరాలు దొరకని బొమ్మను నోటు పుస్తకంలోకి ఎక్కించకండి.

ఈ వారం అభ్యాసానికి మన ఇంటి బొమ్మనే ఎంచుకున్నాను. చందమామ భేతాళ కథలకు శంకర్ (1924–2020) వేసిన విక్రమార్కుడి చిత్రం మీలో చాలామంది చిన్నప్పుడే చూసి ఉంటారు: భుజాన శవం, చేతిలో కత్తి. శవం ఉన్నా అక్కడ జుగుప్స కలగకపోవడానికి రాజు నడకలోని నిబ్బరమే కారణమని నా అభిప్రాయం. మీకు ఏ భావం కలిగిందో, చిత్రంలోని ఏ గీత వల్ల కలిగిందో ఒక పేజీ రాయండి. ఆ తరువాత బోక్లిన్ పడవను, ఈ రాజు భుజాన్ని పోల్చండి. రెండు చోట్లా ఒక శవం ప్రయాణిస్తోంది.

వచ్చే పాఠం స్పెయిన్ చిత్రకారుడు గోయాతో మొదలై, 1885లో ఆయనకు నివాళిగా శిలాముద్రణలు చేసిన ఫ్రెంచ్ చిత్రకారుడు ఒడిలాన్ రెడాన్ దగ్గరకు వెళుతుంది. 1799లో గోయా వెలువరించిన 80 ఎచింగుల సంపుటిలో 43వ పలకను వెతికి పెట్టుకోండి. బల్ల మీద తల వాల్చి నిద్రపోతున్న మనిషి వెనుక చీకట్లో ఏయే ప్రాణులు ఉన్నాయో లెక్కపెట్టి, వాటిలో మీ వైపే చూస్తున్నవాటిని విడిగా రాసి ఉంచండి.