కోడ్ వచ్చు, అయినా మెటార్ లెక్క తప్పుతోందా?

మెటార్ (విమానాశ్రయం దగ్గర వాతావరణాన్ని పైలట్లకు చెప్పే రిపోర్టు) కోడ్లన్నీ బట్టీ పట్టినవాళ్లు కూడా అప్పుడప్పుడు బోల్తా పడతారు. ఎస్‌సీటీ (చెదురుమదురు మబ్బులు) అంటే తెలియక కాదు, పక్కనున్న అంకెను ఎక్కడి నుంచి, దేనిలో కొలిచారో చూడక. ఎక్కువగా దొర్లే పొరపాట్లు ఇవి.

సమస్య: రిపోర్టులో ఓవీసీ012 (ఆకాశమంతా మబ్బు, ఎత్తు 012). దిగుతుంటే 3,100 అడుగుల దగ్గరే మబ్బు కిందికి వచ్చేశాం.

రిపోర్టు సరైనదే. 012 అంటే 1,200 అడుగులు, కానీ విమానాశ్రయం నేల నుంచి. క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన గాలి ఒత్తిడి) పెట్టిన ఆల్టిమీటర్ (ఎత్తు చూపే పరికరం) సముద్రమట్టం నుంచి చెబుతుంది. విమానాశ్రయం 1,900 అడుగుల ఎత్తులో ఉంటే రెండూ కలిపి 3,100.

మబ్బు ఎత్తును ఆల్టిమీటర్‌తో పోల్చేముందు విమానాశ్రయం ఎత్తు కలపండి. పక్కనే నేల నుంచి 1,500 అడుగుల కొండ ఉంటే దాని తల మబ్బులోనే ఉంటుందని కూడా ఇక్కడే అర్థం కావాలి. సీలింగ్‌గా (మబ్బుల కప్పుగా) లెక్కలోకి వచ్చేవి బీకేఎన్ (ఆకాశంలో 8లో 5 నుంచి 7 వంతులు), ఓవీసీ (మొత్తం 8) మాత్రమే. ఎఫ్‌ఈడబ్ల్యూ (కొద్దిపాటి మబ్బులు), ఎస్‌సీటీ రావు.

సమస్య: క్రాస్‌విండ్ (రన్‌వేకు అడ్డంగా వీచే గాలి) 10 నాట్లే అనుకున్నాం, దిగేటప్పుడు బాగా ఎక్కువగా తగిలింది.

మెటార్‌లో గాలి దిశ ట్రూ నార్త్ (భౌగోళిక ఉత్తరం) నుంచి. రన్‌వే నంబరు సాధారణంగా మాగ్నెటిక్ (దిక్సూచి చూపే ఉత్తరం నుంచి). మెటార్‌లో 30020కేటీ (300 డిగ్రీల నుంచి 20 నాట్ల గాలి), రన్‌వే 27 (270 డిగ్రీలు) అనుకుందాం. నేరుగా తీసేస్తే తేడా 30 డిగ్రీలు, క్రాస్‌విండ్ 10 నాట్లు. అక్కడ వేరియేషన్ (ఆ రెండు ఉత్తరాల మధ్య తేడా) పశ్చిమానికి 15 డిగ్రీలైతే అసలు తేడా 45, క్రాస్‌విండ్ 14 నాట్లు. వేరియేషన్ చిన్నదైన చోట దీన్ని పట్టించుకోనక్కర్లేదు.

టవర్ రేడియోలో చెప్పే గాలి మాత్రం మాగ్నెటిక్‌లోనే ఉంటుంది, దానికి మళ్లీ సవరణ చేయకండి. 'జీ' తర్వాత అంకె ఉంటే అది ఈదురుగాలి వేగం. మీ విమానం పరిమితిని దానితోనే పోల్చండి.

సమస్య: ఆల్టిమీటర్ ప్రకారం సరైన ఎత్తే, కానీ నేల మరీ దగ్గరగా కనిపిస్తోంది.

నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. మెటార్‌లో గాలి ఒత్తిడి క్యూ0992 అంటే 992 హెక్టోపాస్కల్స్. ఏ2992 అంటే 29.92 అంగుళాల పాదరసం, అంటే 1013 హెక్టోపాస్కల్స్. రేడియోలో యూనిట్ లేకుండా "నైన్ నైన్ టూ" అని వినబడితే, అంగుళాలకు అలవాటుపడిన చెయ్యి 29.92 పెట్టేస్తుంది. తేడా 21 హెక్టోపాస్కల్స్. ఒక్కోదానికి సుమారు 28 అడుగులు వేసుకుంటే, విమానం మీరు అనుకున్నదానికంటే దాదాపు 600 అడుగులు కింద ఉంటుంది.

బయల్దేరేటప్పుడైతే ఇది నేల మీదే దొరికిపోతుంది: క్యూఎన్‌హెచ్ పెట్టగానే ఆల్టిమీటర్ విమానాశ్రయం ఎత్తు చూపాలి. దిగేటప్పుడు ఆ అవకాశం లేదు. అందుకే రేడియోలో యూనిట్‌తో సహా తిరిగి చదివి వినిపించండి, అనుమానమొస్తే మొహమాటపడకుండా అడగండి. ముందు పెట్టిన ఒత్తిడికీ కొత్తదానికీ పెద్ద తేడా కనిపిస్తే ఆగి చూసుకోండి.

సమస్య: బయల్దేరేటప్పుడు నోసిగ్ (చెప్పుకోదగ్గ మార్పు ఉండదు), చేరేసరికి పొగమంచు.

నోసిగ్ మాట 2 గంటల వరకే చెల్లుతుంది. మూడు గంటల ప్రయాణానికి టాఫ్ (విమానాశ్రయ వాతావరణ అంచనా) చూడాలి. దాంతోపాటు ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటిబిందువులుగా మారే ఉష్ణోగ్రత) కూడా. 18/17 లాంటి దగ్గరి జంట, మందగాలి, రాబోయేది రాత్రి అయితే ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి సరిపడా ఇంధనం ఉంచుకోండి. బీఆర్ (పల్చటి పొగమంచు) అని ఉంటే దృశ్యత 1,000 నుంచి 5,000 మీటర్లు, ఎఫ్‌జీ (దట్టమైన పొగమంచు) అంటే 1,000 కంటే తక్కువ. (బీఆర్ ఫ్రెంచి మాట 'బ్రూమ్' నుంచి వచ్చింది, అందుకే గుర్తుండదు.)

సమస్య: రిపోర్టు తాజాగానే ఉంది, బయట వాతావరణం వేరు.

ముందు టైమ్ చూడండి. 140630జడ్ అంటే 14వ తేదీ, 06:30 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), స్థానిక సమయం కాదు. తర్వాత ఆటో అనే మాట ఉందేమో చూడండి. అది మనిషి చూసి రాసింది కాదు. మబ్బుల సెన్సర్ తన నెత్తి మీద ఉన్నదాన్నే కొలుస్తుంది, కాబట్టి ఎన్‌సీడీ అంటే మబ్బులు దొరకలేదని అర్థం, లేవని కాదు.