ముందు 1930, ఆ తరువాతే బంధువులు

గుంటూరు బ్రాడీపేటలో మాది జిరాక్స్, ఆన్‌లైన్ పనుల దుకాణం. కరెంటు బిల్లుకో రైలు టికెట్‌కో వచ్చినవాళ్లు ఆ పని అయ్యాక ఫోను నా ముందుకు జరిపి, "ఈ మెసేజీ నిజమేనా, కాస్త చూడండి" అంటారు. అలా అడిగి బయటపడ్డవాళ్లు ఉన్నారు. మొహమాటపడి ఇంట్లో కూడా చెప్పుకోలేక డబ్బు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల బాధ చూడలేకే ఈ ఆన్‌లైన్ మోసాల గురించి రాస్తున్నాను.

మొదట పిన్ను సంగతి. యూపీఐ పిన్ను కొట్టేది డబ్బు పంపడానికి, ఖాతాలో నిల్వ చూసుకోవడానికి. మనకు రావలసిన డబ్బుకు పిన్నుతో పని లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కరలేదు. మా వీధిలో ఒక రిటైరైన మాస్టారు పాత మంచం అమ్మకానికి పెట్టారు. సైన్యంలో ఉద్యోగమని చెప్పుకున్న ఒకడు బేరమాడకుండా ఒప్పుకుని, అడ్వాన్సు పంపుతున్నానంటూ వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపాడు. స్కాన్ చేస్తే తెర మీద 5,000 రూపాయలు, దాని కింద 'చెల్లించండి' అనే మీట. "మాస్టారూ, డబ్బు రావలసింది మీకు కదా, చెల్లించమని మిమ్మల్ని ఎందుకు అడుగుతోంది?" అన్నాను. ఆయన ఫోను తీసుకుని ఆ ఒక్క మాటనే రెండుసార్లు చదివారు. తొందరపెట్టేవాడు కోరుకునేది మనం ఆ మాట చదవకపోవడమే.

మెసేజీ విషయానికి వస్తే, ఎవరు పంపారో ముందు చూడండి. బ్యాంకుల మెసేజీలు పది అంకెల మామూలు నంబరు నుంచి రావు. అక్షరాలతో ఉన్న పేరు మీద వస్తాయి. ఆ పేరు చివర గీత పెట్టి ఎస్, టి, పి, జి అక్షరాల్లో ఒకటి ఉంటుంది. ఎస్ అంటే సేవలు, టి అంటే లావాదేవీ, పి అంటే ప్రచారం, జి అంటే ప్రభుత్వం. "కేవైసీ ముగిసింది, ఈ రాత్రికి మీ ఖాతా ఆగిపోతుంది" అని పది అంకెల నంబరు నుంచి వస్తే అది మోసమే, ఇక ఆలోచించే పని లేదు. లింకులో ఫోన్‌పే అనో పేటీఎం అనో కనిపించగానే నమ్మవద్దు. డాట్ కామ్‌ను ఆనుకుని ఉన్న పేరు మొత్తం చదవండి. అసలు పేరు పక్కన గీత పెట్టి కేవైసీ, రివార్డ్ లాంటి తోక తగిలిస్తే అది వేరేవాడి చిరునామా. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించింది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

కస్టమర్ కేర్ నంబరు ఎప్పుడూ గూగుల్‌లో వెతకవద్దు. దొంగలు తమ నంబర్లు అక్కడే పెట్టి కూర్చుంటారు. యాప్ లోపల ఉన్న సహాయం విభాగం నుంచే మాట్లాడండి. పీఎం కిసాన్ జాబితా అనో, వాహనం చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును, అంటే ఫోనులోకి యాప్‌ను ఎక్కించే ఫైలును, తెరవవద్దు. అది ఫోనులోకి చేరితే ఓటీపీలు మీకంటే ముందు వాడు చదవగలడు. ఇప్పటికే తెరిచి ఉంటే నెట్ ఆపేసి, వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పండి.

ఇంత జాగ్రత్తపడ్డా డబ్బు పోయిందనుకోండి. అన్నయ్యకు, బావగారికి ఫోను చేసి ఏడ్చే ముందు 1930కి, అంటే సైబర్ మోసాల ఫిర్యాదుకు ప్రభుత్వం పెట్టిన నంబరుకు, చేయండి. మీ ఫోను నంబరు, బ్యాంకు పేరు, ఎంత పోయింది, ఏ సమయంలో, యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు అడుగుతారు. యూటీఆర్ మీ యాప్‌లో ఆ చెల్లింపు వివరాల్లోనే ఉంటుంది. కాగితం మీద రాసి దగ్గర పెట్టుకుని మాట్లాడండి. మీ ఫిర్యాదు డబ్బు చేరిన బ్యాంకుకు వెళుతుంది. డబ్బు ఇంకా అక్కడే ఉంటే పట్టి ఉంచుతారు, దాటిపోతే అది చేరిన తరువాతి బ్యాంకుకు సమాచారం వెళుతుంది. దొంగ ఏటీఎంలో తీసుకునేలోపు మన కబురు చేరాలి. అందుకే సిగ్గుపడుతూ గడిపే ప్రతి గంటా వాడికే లాభం. మోసపోవడం తప్పు కాదు, చెప్పుకోవడంలో చిన్నతనం లేదు. ఆ తరువాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తి చేసి, స్క్రీన్‌షాట్లు జతచేయండి. చాటింగ్ చెరిపేయవద్దు, సాక్ష్యం అదే.

బ్యాంకుకు కూడా వెంటనే చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 నిబంధనల ప్రకారం పిన్నో ఓటీపీయో మనమే చెప్పినా, బ్యాంకుకు తెలిపిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదే. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెప్పినవారికి బాధ్యత ఉండదు. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. వివరాలకు 14448కి ఫోను చేయండి.

డబ్బు పోకపోయినా వచ్చిన దొంగ కాల్‌ను, మెసేజీని టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో ఉన్న 'చక్షు' అనే ఫిర్యాదు విభాగంలో నమోదు చేయండి. రేపు అదే నంబరు నుంచి ఏ మిరపరైతుకో కాల్ వెళ్లకుండా ఆగవచ్చు. ఫిర్యాదు చేశాక కొందరికి ఇంకో ఫోను వస్తుంది: "సైబర్ పోలీసులం, మీ డబ్బు దొరికింది, విడిపించడానికి ఫీజు కట్టండి" అని. ఏ పోలీసూ అలా ఫీజు అడగడు. కట్టకండి, ఆ నంబరు కూడా మీ ఫిర్యాదులో చేర్చమని దగ్గరి స్టేషన్‌లో ఇవ్వండి.