ప్రభుత్వ కార్యాలయంలో జీతాల వివరాలు అడిగి తెలుసుకోవడం, వాటిని సరిగా చదవడం

ఆంధ్రప్రదేశ్‌లోని ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా జూనియర్ అసిస్టెంటు మొదలు శాఖాధిపతి వరకు ఎవరి నెల జీతం ఎంతో తెలుసుకునే హక్కు పౌరులందరికీ ఉంది. 2005 సమాచార హక్కు చట్టంలోని 4(1)(బి) సెక్షన్ ప్రకారం ప్రతి కార్యాలయమూ ఎవరూ అడగకుండానే 17 అంశాలను వెల్లడించాలి. వాటిలో పదో అంశం అక్కడి అధికారులు, ఉద్యోగులు పొందే నెలసరి వేతనం. అందువల్ల దరఖాస్తు రాసే ముందు ఆ కార్యాలయానికి వెళ్లి 17 అంశాల పుస్తకాన్ని చూపమని అడగడం మంచిది. అది తాజాగా ఉంటే అక్కడితో పని పూర్తవుతుంది. పాతదైతే, లేదా అసలు లేదంటే, దరఖాస్తు పెట్టాలి.

దరఖాస్తుకు తెల్లకాగితం చాలు. దానిని ఆ కార్యాలయపు పౌర సమాచార అధికారి పేరిట రాయాలి. జీతాల బిల్లు ట్రెజరీకి వెళ్తుంది కాబట్టి అక్కడ అడగాలని కొందరు అనుకుంటారు, కానీ ఆ బిల్లును తయారుచేసేది సంబంధిత కార్యాలయంలోని డ్రాయింగ్ అధికారే (జీతాల సొమ్ము డ్రా చేసి పంచే అధికారి) కనుక అక్కడే అడగడం సులువు. గ్రామ స్థాయి కార్యాలయాలలో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపుగా అతికించినా, పోస్టల్ ఆర్డరుగా జతపరిచినా సరిపోతుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు అందుకు రుజువు జతచేస్తే రుసుము చెల్లించనక్కరలేదు. సమాచారం ఎందుకు కావాలో చెప్పవలసిన అవసరం లేదు.

అడిగే తీరు మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది. నేను ఒకసారి ఒక కార్యాలయంలో ఒక ఉద్యోగి పే స్లిప్పు నకలు కావాలని రాశాను. అది వ్యక్తిగత సమాచారమంటూ ఒక్క వాక్యంలో తిరస్కరించారు. తప్పు కొంత నాది కూడా. పే స్లిప్పులో బ్యాంకు రుణాల కోతలు, బీమా వంటివి ఉంటాయి, అవి మనకు అనవసరం. రెండోసారి ఇలా రాశాను: ‘మీ కార్యాలయంలో ఫలానా నెలలో పనిచేసిన అధికారులు, ఉద్యోగులందరి హోదా, వేతన స్కేలు, మూల వేతనం, కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, ఇతర భత్యాలు, స్థూల వేతనం విడివిడిగా చూపే జాబితాను 4(1)(బి) సెక్షన్ పదో అంశం ప్రకారం ఇవ్వగలరు.’ ఈసారి రెండు పేజీల జాబితా వచ్చింది.

ఆదాయ పన్ను రిటర్నులు, ఆస్తుల వివరాలు, శాఖాపరమైన మెమోలు వ్యక్తిగత సమాచారం కిందికి వస్తాయని, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే తప్ప ఇవ్వనక్కరలేదని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని సవరించి ఈ మినహాయింపును మరింత విస్తరించింది. అయితే 4వ సెక్షన్‌లోని పదో అంశాన్ని ఆ సవరణ తాకలేదు. కాబట్టి దరఖాస్తులో ఆ అంశాన్ని తప్పక పేర్కొనండి. 30 రోజులలో జవాబు రాకపోయినా, తిరస్కరించినా, తరువాతి 30 రోజులలో అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజులలో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు. సరైన కారణం లేకుండా జాప్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా విధించే అధికారం కమిషన్‌కు ఉంది.

జాబితా చేతికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. మొదట చూడవలసింది మూల వేతనం. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అమలు చేసిన 11వ పీఆర్సీ (వేతన సవరణ సంఘం) స్కేళ్లు 20,000తో మొదలై 1,79,000తో ముగుస్తాయి. పాత కనిష్ఠ వేతనం 13,000కు అప్పటి డీఏ (కరువు భత్యం) 30.392 శాతం, అంటే 3,951 రూపాయలు, 23 శాతం ఫిట్‌మెంట్ (కొత్త స్కేలుకు మారేటప్పుడు పాత మూల వేతనం మీద ఇచ్చే పెంపు), అంటే 2,990 రూపాయలు కలిపితే 19,941 అవుతుంది. దానిపై మెట్టే 20,000. తెలంగాణ 2021లో 30 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చింది, అక్కడి స్కేళ్లు 19,000 నుంచి 1,62,070 వరకు ఉన్నాయి. కనుక రెండు రాష్ట్రాల జాబితాలను పక్కపక్కన పెట్టి అంకెలు పోల్చడం సరికాదు.

డీఏను మీరే సరిచూసుకోవచ్చు. కేంద్రం తన ఉద్యోగులకిచ్చే శాతంలోంచి 9 తీసివేసి, మిగిలినదానిని 0.91తో గుణిస్తే రాష్ట్ర డీఏ వస్తుంది. 2023 జులై నాటి కేంద్ర డీఏ 46 శాతం కాబట్టి రాష్ట్ర డీఏ 33.67 శాతం. కేంద్రం ప్రకటించిన వెంటనే రాష్ట్రం చెల్లించదు, ఏడాదికి పైగా ఆలస్యమైన సందర్భాలూ ఉన్నాయి. అందువల్ల జాబితాలోని డీఏ శాతం చూస్తే అది ఎప్పటిదో కూడా ఇంచుమించుగా తెలిసిపోతుంది.

జూనియర్ అసిస్టెంటు స్కేలు 25,220 నుంచి 80,910 వరకు ఉంటుంది. 25,220 మూల వేతనం మీద 33.67 శాతం డీఏ 8,492 రూపాయలు, జిల్లా కేంద్రంలో 16 శాతం ఇంటి అద్దె భత్యం 4,035 రూపాయలు, మొత్తం 37,747. చిన్న ఊళ్లలో అద్దె భత్యం 10 శాతమే కనుక అదే హోదాలో ఉన్నవారికీ మొత్తం తగ్గుతుంది. ఆ మెట్టు మీద ఏడాదికి వచ్చే ఇంక్రిమెంటు 720 రూపాయలు. ఇక చేతికి వచ్చేది వేరు: 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారు సీపీఎస్ (ఉద్యోగి వాటాతో నడిచే పింఛను పథకం) పరిధిలో ఉంటే మూల వేతనం, డీఏల మీద 10 శాతం, అంటే ఇక్కడ 3,371 రూపాయలు, వృత్తి పన్ను 200 రూపాయలు పోతాయి. జీవిత బీమా, ఆరోగ్య పథకం కోతలు వీటికి అదనం.

ఒక నెల జాబితాలో ఎవరి పేరు ఎదుటైనా అసాధారణంగా పెద్ద అంకె కనిపిస్తే తొందరపడి తప్పుపట్టవద్దు. డీఏ బకాయిలో, సరెండర్ లీవు (వాడుకోని సెలవును వదులుకున్నందుకు ఇచ్చే) సొమ్మో ఆ నెలలో కలిసి ఉండవచ్చు. మరో నెల జాబితా తెప్పించుకుంటే సంగతి తేలుతుంది.

ఈ జాబితాలో అవుట్‌సోర్సింగ్ సిబ్బంది సాధారణంగా కనిపించరు. వారికి పీఆర్సీ స్కేళ్లు, డీఏ వర్తించవు. అదే గదిలో, అదే కంప్యూటరు ముందు కూర్చుని పనిచేసేవారి వేతనం లెక్కలోకి రాకపోతే ఆ కార్యాలయపు జీతాల చిత్రం సగమే అవుతుందని నా అభిప్రాయం. వారి గురించి వేరే దరఖాస్తులో మూడు విషయాలు అడగాలి: ఒక్కొక్క పోస్టుకు మంజూరైన నెలసరి వేతనం, వారిని నియమించి పంపే ఏజెన్సీకి లేదా కార్పొరేషన్‌కు కార్యాలయం చెల్లించిన మొత్తం, ఆ నెల వారి పేరిట జమ చేసిన పీఎఫ్, ఈఎస్ఐ చలానాల నకళ్లు.